ఇటలీ–టర్కీ వాలీబాల్ ఫైనల్ సూసినోళ్ళు రండి, మన ఆడగుంటలు అక్కడికి ఎందుకెళ్ళలేదో కూడా తేల్చీద్దాం

మహేంద్రతనయ_కుర్రోడు (పర్లాకిమిడి)
నిన్న బేంకాక్‌లో ఆడోళ్ళ వాలీబాల్ 2025 వరల్డ్ చాంపియన్‌షిప్ ఫైనల్ ఎంతమంది సూసేరు? గ్రహణం ఉందనీసి మాయమ్మ పెందలాడే వొండీసి, సరిగ్గా ఆట మజ్జిలో తినీరా తినీరా అని ఒకటే గోల, ఒక చేత్తో కంచం ఒక చేత్తో ఫోన్ పట్టుకునే సూసేను. 25-23, 13-25, 26-24, 19-25, 15-8, ఇటలీ కొట్టీసింది. రెండో సెట్ అల్లగ పోయాక ఇంక అయిపోనాది అనుకున్నాను, టర్కీ వర్గాస్ కొడతంటే బంతి కనపడ్డమే లేదు. మూడో సెట్ 26-24 లాక్కోడం ఉంది సూడండి, అక్కడే మేచ్ తిరిగింది, ఐదో సెట్ ఊరికే ఎత్తుకుపోనారు. 36 మేచ్‌లు వరసగా గెలిచినట్టు ఈళ్ళు. పోయినేడు పేరిస్ ఒలింపిక్ గోల్డ్ కూడా ఈళ్ళదే, అమెరికాని 3-0 కొట్టీసేరు.
ఇంతకీ నా డౌటు ఏటంటే, ఈసారి 32 దేశాలు ఆడేయి. వియత్నాం కూడా ఉంది, దానికిదే మొదటిసారి. మనం లేం. నూట నలభై కోట్లమందిమి ఉండీ ఎందుకు లేం?

గుణుపురం_పేసింజర్
డౌటేటి అందులో. ఎత్తు. ఇటలీ ఆంత్రోపోవా రెండు మీటర్ల పైనే ఉంటాది, ఎగోను దానికి కాస్త తక్కువ. మన ఇళ్ళల్లో ఐదడుగుల మూడంగుళాలుంటే పొడుగు గుంట అంటాం. నెట్ మీద చెయ్యి రాకపోతే ఇంకేటి ఆడతారు. టాపిక్ క్లోజ్.

బరంపురం_అప్ప
క్లోజ్ ఏం కాదు తమ్ముడూ. అదే ఇటలీ టీంలో డి జెన్నారో అని లిబెరో (స్మాష్ కొట్టకుండా వెనక ఉండి బంతులు తీసే ప్లేయర్) ఉంది కదా, 174 సెంటీమీటర్లు. ఆవిడ లేకపోతే వర్గాస్ కొట్టినవి సగం నేల మీదే పడేవి. జపాన్ కెప్టెన్ ఇషికావా మాయు కూడా 174. ఆ అమ్మాయి లిబెరో కాదు, ముందు నిలబడి స్మాష్ కొట్టే అమ్మాయి. ఆ జపాన్ సెమీస్ దాకా వచ్చింది. నేను కాలేజీ రోజుల్లో యూనివర్సిటీకి ఆడాను కాబట్టి చెప్తున్నా, ఎత్తు ఉంటే మంచిదే, కానీ మన సర్వీస్ రిసీవ్ చూస్తే ఎత్తు గురించి మాట్లాడే దాకా కూడా రాం. ఫస్ట్ బాల్ సెట్టర్ చేతికి, అంటే స్మాష్‌కి బంతి అందించే అమ్మాయి చేతికి పోకపోతే రెండు మీటర్ల మనిషి ఉండి ఏం చేస్తుంది, చప్పట్లు కొడుతుంది.

గుణుపురం_పేసింజర్
సెమీస్ దాకా వచ్చింది సరే అప్పా, తరవాత ఏటయింది? సెమీస్‌లో టర్కీ చేతిలో 3-1, బ్రాంజ్ మేచ్‌లో బ్రెజిల్ చేతిలో 3-2. పొడుగోళ్ళు రాగానే ఓడిపోనారు. నాలుగో ప్లేసే.

బరంపురం_అప్ప
ప్రపంచంలో నాలుగో ప్లేసు నీకు ఓటమిలా కనిపిస్తుందా 😄 మనకి ఇరవై నాలుగోది ఇమ్మను, బరంపురం నుంచి ఇచ్చాపురం దాకా ఊరేగింపు చేయిస్తా.

రాయగడ_జంక్షన్
నాకు ఆట అంత తెలీదు గానీ ఒకటి విన్నాను నిజమేనా? టర్కీ కోచ్ ఇటలీ లిబెరోకి మొగుడంట కదా??

ఉద్దానం_కొబ్బరి
నిజమే. సాంతారెల్లి. 2022లో సెర్బియాకి వరల్డ్ చాంపియన్‌షిప్ గెలిపించి తరవాత టర్కీకి ఎల్లేడు. నిన్న ఆయన బోర్డు మీద గీసిన ప్లానులన్నీ పెళ్ళామే కింద పడి ఎత్తీసింది. ఇంటికెళ్ళాక ఎవులు వొండేరో మరి.

రాయగడ_జంక్షన్
😂😂 గ్రహణం ఆళ్ళింట్లో పట్టింది

డ్రిల్_మేస్టారు (కాశీనగర్)
బాబూ, అమ్మా, అందరికీ నమస్కారం. నేను పీఈటీగా రిటైరయినవాణ్ణి, మీ మాటలు చదువుతుంటే చెయ్యి ఊరుకోలేదు. ఎత్తు మాట వచ్చింది కాబట్టి థాయిలాండ్ సంగతి చెప్తాను. మనకంటే ఏమంత పొడుగు జనం కాదు వాళ్ళు. 2009లో హనోయ్‌లో ఏషియన్ చాంపియన్‌షిప్ ఫైనల్లో చైనాని ఓడించారు. చైనా అంటే ఆషామాషీ కాదు, అప్పటికే ఒలింపిక్ గోల్డులు ఉన్న దేశం. మళ్ళీ 2013లో గెలిచారు, 2023లో గెలిచారు. ఎలా గెలిచారు? మొదటి రెండుసార్లూ నూత్సరా అని సెట్టర్ ఉండేది. ఆ అమ్మాయి బంతి ఎత్తుగా లేపేది కాదు, నెట్ అంచున సర్రున పంపేది. ఎదర బ్లాకర్ ఎంత పొడుగైనా గాని, గెంతే లోపలే బంతి ఇటు పడిపోయేది. పొడుగువాళ్ళతో ఎత్తు మీద పోటీ పడకూడదు, టైం మీద పడాలి. మన ఊళ్ళల్లో లిఫ్టర్, అదే సెట్టర్, అంటే స్మాష్ కొట్టడం రానివాడికి ఇచ్చే పని. అసలు బుర్ర అక్కడుండాలి.

సిరొంచ_పోరడు (గడ్చిరోలి)
మేస్టారు సార్ నమస్తే, మాది ఇటు మహారాష్ట్ర బార్డర్, గోదారి దాటితే కాళేశ్వరం. మీ ముచ్చట మంచిగనిపిచ్చి లోపలికొచ్చిన. నాకొకటి చెప్పుండ్రి, ఇండియా ఆడోళ్ళ టీం వరల్డ్ చాంపియన్‌షిప్ ల ఎన్నడన్న ఆడిందా అసలు? మా దోస్తుగాడు ఎన్నడు ఆడలేదంటడు, నేను ఆడిందంటున్న, వంద రూపాల పందెం పెట్టుకున్నం.

డ్రిల్_మేస్టారు
వంద రూపాయలు వసూలు చేసుకో నాయనా. 1952లో మాస్కోలో జరిగింది ఆడవాళ్ళ మొట్టమొదటి వరల్డ్ చాంపియన్‌షిప్. ఎనిమిది దేశాలు. సోవియట్ ఫస్ట్, పోలెండ్ సెకండ్, చెకొస్లొవేకియా థర్డ్. చివర్న ఎనిమిదో స్థానం ఇండియా. యూరప్ బయటి నుంచి వెళ్ళిన టీం మనదొక్కటే. జపాన్ కూడా రాలేదు దానికి.

సిరొంచ_పోరడు
అరె వా. 1952 ల పోయినోళ్ళం గిప్పుడెందుకు పోతలేం మరి

మహేంద్రతనయ_కుర్రోడు
మేస్టారూ ఇది మాత్రం నాకు తెల్దు. అంటే జపాన్ కంటే ముందే మనం ఎల్లేమన్నమాట!! ఆళ్ళు పన్నెండేళ్ళకి ఒలింపిక్ గోల్డ్ కొట్టీసేరు, మనం ఇప్పటికీ ఒక్క ఒలింపిక్సూ ఆడలేదు, మగోళ్ళూ లేదు ఆడోళ్ళూ లేదు.

బరంపురం_అప్ప
ఆ పన్నెండేళ్ళలో జపాన్ ఏం చేసిందో చెప్పనివ్వండి, ఇది నాకు ఇష్టమైన కథ. 1964 టోక్యోలోనే వాలీబాల్ మొదటిసారి ఒలింపిక్స్‌లోకి వచ్చింది. జపాన్ టీంలో ఎక్కువమంది ఒకే మిల్లు అమ్మాయిలు, నిచిబో అనే నూలు మిల్లు, కైజుకా అనే ఊళ్ళో. పొద్దున్నించీ ఆఫీసులో పని చేసి మధ్యాహ్నం దాటాక కోర్టులోకి దిగితే అర్ధరాత్రి దాకా ప్రాక్టీసు. కోచ్ దాయిమత్సు. వాళ్ళు కూడా పొట్టివాళ్ళే కాబట్టి నేల మీద దొర్లి బంతి తీసి, ఆ దొర్లుడులోనే లేచి నిలబడే పద్ధతి కనిపెట్టారు. పడటం తప్పు కాదు, పడ్డాక నేల మీద ఉండిపోవడం తప్పు అనేది దాని లెక్క. 1962లో మాస్కో వెళ్ళి సోవియట్‌ని వాళ్ళ ఇంట్లోనే ఓడించి వరల్డ్ చాంపియన్లయ్యారు, 1964 ఒలింపిక్స్‌లో గోల్డ్ తేల్చిన చివరి మేచ్‌లో మళ్ళీ వాళ్ళనే 3-0. ఆ రాత్రి జపాన్‌లో టీవీ ఉన్న ప్రతి మూడిళ్ళల్లో రెండిళ్ళు ఆ మేచ్చే చూశాయట. కెప్టెన్ కసాయ్‌కి ఆటలో పడి పెళ్ళి కాలేదని తెలిసి తరవాత ఏకంగా ప్రధానమంత్రే పూనుకుని సంబంధం కుదిర్చాడు. మన దగ్గర ఆడే పిల్లకి ఇరవై దాటితే ఆట మానిపించి సంబంధాలు చూస్తారు, అక్కడ గోల్డ్ కొట్టాక చూశారు, తేడా అంతే.

ఉద్దానం_కొబ్బరి
అప్పా కథ బాగుంది గానీ అర్ధరాత్రి దాకా ప్రాక్టీసు అంటే ఇప్పుడైతే పోలీస్ కేసవుద్ది. దెబ్బ తగిలినా ఒగ్గీవోడు కాదట ఆయన. అల్లగ కొట్టిన గోల్డ్ మా చెల్లికొద్దు.

బరంపురం_అప్ప
అది నేనూ ఒప్పుకుంటాను. నాకు నచ్చింది కోచ్ కాదు, మిల్లు. ఆడే పిల్లకి జీతం ఉంది, హాస్టలు ఉంది, కోర్టు ఉంది. మన దగ్గర అలాంటిది రైల్వే ఒక్కటే. అందుకే నేషనల్స్‌లో ఏళ్ళ తరబడి ఆడవాళ్ళ ఫైనల్ అంటే కేరళ, రైల్వేస్. ఆ రైల్వేస్ టీంలోనూ కేరళ పిల్లలు బోలెడంతమంది. అర్జున అవార్డు తీసుకున్న శాలీ జోసెఫ్ కూడా ఆ నేలే. మిగతా రాష్ట్రాల పిల్లలు ఇంటర్ అయ్యాక ఏమవుతున్నారో ఎవరికీ పట్టదు.

గుణుపురం_పేసింజర్
నేను ఎత్తు దగ్గరే ఉన్నాను ఇంకా. ఆ 1964 నాటి ఆట వేరు. ఇప్పటి ఆట వేరు. ఇప్పుడు ప్రతి రేలీకీ పాయింటే, జంప్ సర్వీస్ బాగా పడతా ఉంటే వరసగా మూడు పాయింట్లు గుటుక్కుమంటాయి. అప్పట్లో సర్వీస్ ఉన్నోడికే పాయింటు కాబట్టి రిసీవ్ చేసుకుంటా గంటలు గంటలు సాగదియ్యొచ్చు.

డ్రిల్_మేస్టారు
ఇది మాత్రం సరైన మాటే అన్నావు. పాత పద్ధతిలో నిలబడి నిలబడి గెలవొచ్చు, నిలబడి నిలబడి ఓడిపోనూ వచ్చు. 1988 సియోల్ ఒలింపిక్ ఫైనల్ పెరూ వాళ్ళది గుర్తుందా ఎవరికైనా? సోవియట్ మీద మొదటి రెండు సెట్లు గెలిచేశారు. మూడో సెట్లోనూ లీడే. అక్కణ్ణుంచి మేచ్ ఐదో సెట్‌కి పోయి 17-15తో ఓడారు. నేను రేడియో వార్తల్లో విని, మర్నాడు పేపర్లో స్కోరు చూసి నమ్మలేదు. ఆ టీంని తయారుచేసింది పార్క్ అనే కొరియా ఆయన, సముద్రాలు దాటి వెళ్ళి అక్కడే ఏళ్ళ తరబడి ఉండిపోయాడు. పెరూ ఏమీ డబ్బున్న దేశం కాదు. పొడుగువాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉన్నారు, మిగతావాళ్ళు మన పిల్లల్లాంటివాళ్ళే.

రాయగడ_జంక్షన్
మేస్టారూ మీరు ఇంకో పది కథలు చెప్పండి, నేను ఆట నేర్చీసుకుంటాను

సిరొంచ_పోరడు
కథలు మంచిగున్నయ్ గని అన్నిటికీ ముంగట ఫెడరేషన్ పంచాదులు చూడుండ్రి. 2016 ల ఇంటర్నేషనల్ వాలీబాల్ బాడీనే మనోళ్ళను సస్పెండ్ చేసింది, కుర్సీల కోసం కొట్లాడుకున్నందుకు. ఇటు వియత్నాం సూడు, ఏషియాల రెండో వరస దేశాల కప్పు 2023, 2024, 2025 మూడేండ్లు వరుసగ కొట్టింది, తర్వాత వరల్డ్ చాంపియన్‌షిప్ ఆడింది. మెట్టు మెట్టు ఎక్కిండ్రు. మనోళ్ళు మెట్టుమీద కూసొని లొల్లి పెట్టుకుండ్రు.

గుణుపురం_పేసింజర్
అన్నిటికీ ఫెడరేషనే అంటే ఎల్లగ, ఆ రాష్ట్రమోళ్ళు ఈ రాష్ట్రమోళ్ళు అనీసి

మోడరేటర్
రాజకీయాలు, పార్టీలు, పేర్లు వద్దు. రెండు పోస్టులు తీసేశాను. ఆట మీద ఉండండి.

మహేంద్రతనయ_కుర్రోడు
పేర్లు సెప్పను గానీ రాష్ట్రం మాట వచ్చింది కాబట్టి మాయింటి బాధ ఒకటి. మా చిన్నాన్న కూతురు బాగా ఆడతాది, ఎడమ చెయ్యి స్మాషు. పుట్టింది పాతపట్నంలో, అంటే అమ్మమ్మోరింటి దగ్గర, బర్త్ సర్టిఫికెట్ ఆంధ్రాది. సదివింది ఇక్కడ, ఆధార్ ఒడిశాది. ఇక్కడ సెలక్షన్‌కి పోతే పుట్టింది అక్కడ కదా రెసిడెన్స్ తే అన్నారు. అక్కడికి పోతే మీ స్కూలు అటు కదా అటే పో అన్నారు. రెండు ఊళ్ళకీ మజ్జిన నడిచెల్లిపోవచ్చు, కాయితం మాత్రం దాటదు. ఆ సీజనంతా ఆటో కిరాయిలకే అయిపోనాది, గుంట ఇప్పుడు కుట్టు మిషన్ నేర్చుకుంటంది.

బరంపురం_అప్ప
ఆ అమ్మాయి వయసెంత? అండర్ ఏజ్ అయితే ఇంకా దారి ఉంది, తహసీల్ ఆఫీసులో రెసిడెన్స్ సర్టిఫికెట్‌కి అప్లై చేసి, స్కూలు నుంచి చదివిన అన్ని తరగతులకీ స్టడీ సర్టిఫికెట్ తీసుకోమను. సెలక్షన్ రోజున పరుగెత్తడం కాదు, మూడు నెలల ముందే చేతిలో ఉండాలి. ఇన్‌బాక్స్‌లోకి రా, చెప్తాను. ఎడమ చెయ్యి స్మాషర్‌ని మిషన్ ముందు కూర్చోబెట్టకండి బాబూ, కుడి వైపు నుంచి కొట్టడానికి ఎడమ చెయ్యి ఎంత కలిసొస్తుందో.

డ్రిల్_మేస్టారు
ఎత్తు, ఫెడరేషన్, సర్టిఫికెట్ అన్నీ అయ్యాయి కదా. నేనొక మాట అడుగుతాను, నిజం చెప్పండి. మీ ఊళ్ళో అమ్మాయిలు ఆడేది ఏ నెట్ మీద?
నేను పనిచేసిన ఊళ్ళల్లో చూసింది చెప్తాను. రెండు సరుగుడు గుంజలు పాతేసి ఉంటాయి. కుర్రాళ్ళ ఎత్తులో, 2.43 మీటర్ల దగ్గర, ఒక్కొక్క గుంజకీ ఒక మేకు. నైలాన్ తాడు ఆ మేకుకి నాలుగు చుట్లు చుట్టి, ముడి మీద ముడి వేసి, వానకి తడిసి ఎండకి ఎండి ఆ ముడి రాయిలాగ అయిపోయి ఉంటుంది. గోళ్ళతో రాదు, కత్తితో కొయ్యాలి. అమ్మాయిలకి గ్రౌండు ఇచ్చేది సాయంత్రం ఒక్క గంట, తరవాత కుర్రాళ్ళు దిగుతారు. ఆ గంట కోసం ఆ ముడి విప్పేదెవరు? అలాగే ఆడేస్తారు.
ఆడవాళ్ళ నెట్ 2.24. నిన్న ఎగోను, వర్గాస్ కొట్టింది 2.24 మీద. రెండు మీటర్ల ఆంత్రోపోవా ఆడే నెట్ కంటే కాశీనగర్ తొమ్మిదో క్లాసు పిల్ల ఆడే నెట్ 19 సెంటీమీటర్లు ఎత్తు!
దానివల్ల ఏమవుతుందో చూడండి. 160 సెంటీమీటర్ల పిల్ల చెయ్యెత్తితే రెండు మీటర్ల పైచిలుకు వస్తుంది. 2.24 మీద అయితే బాగా గెంతితే బంతిని పైనుంచి కిందికి కొట్టగలదు. 2.43 మీద ఎంత గెంతినా బంతి నెట్ కిందే ఉంటుంది. నాలుగు సార్లు నెట్‌కి కొట్టి అయిదోసారి నుంచి గెంతడం మానేసి వేళ్ళతో అవతలికి తోసేస్తుంది. అక్కడితో గెంతే ముందు వేసే మూడు అంగల పరుగు, చేతుల ఊపు, అన్నీ పోయాయి. కొట్టేవాళ్ళు లేరు కాబట్టి అవతల బ్లాక్‌కి గెంతేవాళ్ళూ లేరు. స్మాష్ రాదు కాబట్టి వెనక రిసీవ్ చేసే పిల్ల ఒక్క గట్టి బంతీ ఎదుర్కోకుండానే పదో క్లాసు దాటేస్తుంది. అప్పుడు సెలక్షన్‌లో 2.24 మీద అసలైన స్మాష్ ముఖం మీదికి వస్తే చేతులు అడ్డం పెట్టుకుంటుంది. సెలక్టరు రాసుకుంటాడు, హైటు లేదు, భయం ఉంది.
ఎత్తు సమస్యే బాబూ. ఏ ఎత్తు అన్నదే చూసుకోవాలి.

గుణుపురం_పేసింజర్
మేస్టారూ 🙏 ఇప్పుడే మా హైస్కూల్ గ్రౌండుకి బండి మీద ఎల్లి సూసి వొచ్చేను. మీరు సెప్పినట్టే ఉంది. ముడి కూడా అదే.

ఉద్దానం_కొబ్బరి
మా వైపు దసరా టోర్నమెంట్‌లకి కుర్రాళ్ళకి ఫ్లడ్ లైట్లు, పొట్టేలు ప్రైజు, మైకులో కామెంటరీ. ఆడపిల్లల మేచ్ ఒకటి పెడదాం అంటే, సరేగానీ నెట్ మార్చీ టైం లేదు అన్నారు పోయినేడు. అప్పుడు నాకు ఇది తట్టలేదు.

సిరొంచ_పోరడు
మా దిక్కు ఇంకో కథ, నెట్ సక్కగుంటది, పోరీలకు బాల్ ఇయ్యరు. తోలు ఊడి లోపటి బ్లాడర్ ఉబ్బిన బాల్ ఉంటది సూడు, అది ఇస్తరు. అది గాల్లకు ఒక దిక్కు లేపితే ఒక దిక్కు పోతది, గ దానితోని లిఫ్టర్ ఏం నేర్సుకుంటది.

బరంపురం_అప్ప
మేస్టారూ, మీరు ముడి గురించి రాసింది చదివి నాకు కోపం వచ్చింది, మీ మీద కాదు. మేం యూనివర్సిటీ కేంపుకి వెళ్ళిన మొదటి రోజు నెట్ చూసి ఇదేంటి ఇంత కిందికుంది అని నవ్వుకున్నాం. మొదటి వారం కొట్టినవన్నీ ఎండ్ లైన్ దాటి గోడకి. చెయ్యి అలవాటు మారడానికే కేంపు అయిపోయింది. సరే, దారి చెప్పండి. మేకు ఇంకోటి కొడితే సరిపోతుందా?

డ్రిల్_మేస్టారు
మేకులొద్దమ్మా. గుంజకి ఇనప కొక్కేలు రెండేసి, 2.43కి ఒకటి, 2.24కి ఒకటి. నెట్ తాడు చివర గొలుసు ముక్క కట్టాలి, గేదెల గొలుసు అయినా చాలు. అప్పుడు ముడి ఉండదు, ఈ కొక్కెం నుంచి తీసి ఆ కొక్కేనికి తగిలించడమే, ఇద్దరు పిల్లలు నిమిషంలో చేస్తారు. అడుగు తాడుకి కూడా అలాగే. లేకపోతే నెట్ జోలెలాగ వేలాడుతుంది.

మహేంద్రతనయ_కుర్రోడు
మా గ్రౌండు కుర్రాళ్ళ గ్రూపులో ఇప్పుడే పెట్టేను. ఒకడు "మా నెట్ ముట్టుకుంటే ఊరుకోం" అన్నాడు. ఆడి చెల్లే ఆడతాది, ఆ గుంట గ్రూపులో లేదు గానీ వాళ్ళమ్మ ఉంది, వాళ్ళమ్మ ఒకటే పెట్టింది: "ఇంటికి రా". తరవాత ఎవులూ మాటాడ్లేదు 😂 కొక్కేలు బజార్లో దొరుకుతాయి, నేను తెస్తాను.

గుణుపురం_పేసింజర్
నేను ఆదివారం పొద్దున్న బండికి పర్లాకిమిడి దిగుతాను, మీది సూసి మా దగ్గర కూడా అల్లగే బిగిస్తాను. మా అన్న దగ్గర డ్రిల్లింగ్ మిషన్ ఉంది తేనా?

డ్రిల్_మేస్టారు
తే నాయనా. టేపు కూడా తే. బట్టల టేపు కాదు, తాపీ పనివాళ్ళది. కొలత గుంజ దగ్గర కాదు, కోర్టు మధ్యలో తియ్యాలి, నేల నుంచి నెట్ పై అంచు దాకా 2.24. రెండు సైడ్ లైన్ల మీద ఎత్తు ఒకటే ఉండాలి, మధ్య కంటే రెండు సెంటీమీటర్లకి మించి పైకి ఉండకూడదు. ముందు నెట్ కట్టి, మధ్యలో కొలిచి, ఆ తరవాతే గుంజ మీద కొక్కేనికి గుర్తు పెట్టండి. తొందరపడి ముందే కన్నం పెట్టేస్తారు మీరు, నాకు తెలుసు.

రాయగడ_జంక్షన్
టీలు టిఫిన్లు నావి. అంపైర్‌గా మాత్రం పెట్టకండి, నాకు రొటేషన్ ఇంకా అర్థం కాలేదు